విశాఖ పరిశ్రమల సీఎస్ఆర్ కమిటీలకు బహిరంగ లేఖ: మన ప్రాంత ఆరోగ్యంపై పరిశోధనకు ఫెలోషిప్‌లు ఇవ్వండి

విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల్లోని పరిశ్రమల యాజమాన్యాలకు, సీఎస్ఆర్ కమిటీ సభ్యులకు,

నమస్కారం.

అడగందే అమ్మయినా పెట్టదంటారు కాబట్టి అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద మీరు ఏటా ఖర్చు పెట్టే డబ్బులోంచి కొంత తీసి, ఈ ప్రాంత ప్రజల ఆరోగ్యం మీద పనిచేసే పబ్లిక్ హెల్త్ గ్రాడ్యుయేట్లకి ఫెలోషిప్‌లు ఇవ్వండి. మొదటగా పది మందికి, మూడేళ్ల పాటు ఇవ్వండి. ఎవరిని తీసుకోవాలో మీరు నిర్ణయించకండి. వాళ్లు ఏం రాయాలో కూడా మీరు నిర్ణయించకండి. నేను కోరేది ఇదే. ఎందుకు, ఎలా అన్నది కింద వివరంగా రాస్తున్నాను.

నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఆరోగ్య సర్వేల్లో పనిచేస్తున్నాను. ఇప్పుడు కొత్తగా ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ డిగ్రీ) చదివి వచ్చిన పిల్లలకి ఫీల్డ్ పని నేర్పిస్తుంటాను. వాళ్లలో దంత వైద్యం చదివినవాళ్లున్నారు, బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లున్నారు, సోషల్ వర్క్, స్టాటిస్టిక్స్, ఆంత్రోపాలజీ నుంచి వచ్చినవాళ్లున్నారు. రోగి ఆస్పత్రికి వస్తే డాక్టరు గారు వైద్యం చేస్తారు. అదే జబ్బు ఏ వీధిలో ఎక్కువుంది, ముందుగా ఎవరికి వస్తోంది, దేనివల్ల వస్తోంది, ఏం చేస్తే తగ్గుతుంది అని తేల్చేది ఈ పిల్లలు. ఆ పని గుమ్మం గుమ్మం తిరిగితే తప్ప జరగదు.

ఒక వేసవిలో మల్కాపురం వైపు ఇలాంటి సర్వే ఒకటి చేస్తున్నాం. మాతో ఉన్న అమ్మాయి ఒక ఇంట్లో పెద్దావిడ చేత ఊపిరి జోరు కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఊదించింది. చిన్న ప్లాస్టిక్ గొట్టం అది, ఊదితే లోపలి ముల్లు ముందుకు జరుగుతుంది. మూడుసార్లు ఊదించి, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. "గట్టిగా గాలి పీల్చుకుని, పెదాలు బిగించి, ఒక్క ఊపులో ఊదెయ్యాలమ్మా" అని అమ్మాయి చేసి చూపించింది. మొదటిసారి ఆవిడకి నవ్వొచ్చి సగంలో వదిలేసింది. రెండోసారి దగ్గు తెర వచ్చింది. మూడోసారి బాగా ఊది, "ఎంతొచ్చిందమ్మా, పర్వాలేదా?" అని అడిగింది. వయసు, ఎత్తు పట్టికలో చూసి సమాధానం చెబుతుండగానే ఆవిడ లేచి వెళ్లి, కిటికీ గట్టు మీద వేలితో ఓ గీత గీసి, నల్లగా అయిన వేలు తెచ్చి మాకు చూపించింది. "ఇది కూడా రాసుకో. పొద్దున్నే తుడిచాను" అంది.

ఆ ఫారంలో దానికి గడి లేదు. ఫారం తయారైంది ఎక్కడో దూరంగా, దేశమంతటికీ ఒకటే. సిగరెట్ తాగుతారా, కట్టెల పొయ్యి ఉందా అన్న ప్రశ్నలున్నాయి గానీ, ఉతికి ఆరేసిన బట్టల మీద మసి పడుతుందా అన్న ప్రశ్న లేదు. అమ్మాయి ఆ మాటని కాగితం అంచున రాసుకుంది. డేటా ఎంట్రీ దగ్గరికి వచ్చేసరికి అంచున రాసినవి కంప్యూటర్‌లోకి వెళ్లవు.

ఆ ప్రాజెక్టు అయిపోయాక ఆ అమ్మాయి ఇక్కడ ఇంకో అవకాశం కోసం కొన్నాళ్లు చూసింది. ఇంట్లో పెళ్లి మాటలు, ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు, రెండు వైపుల నుంచీ టెన్షన్. చివరికి మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరింది. అమెరికా ఆస్పత్రుల బిల్లులకి కోడ్‌లు వేసే పని అది. గౌరవమైన పనే, జీతం నెలనెలా పడుతుంది. ఆ ఉద్యోగాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మల్కాపురంలో ఊపిరితిత్తుల మీద ఏం అడగాలో తెలిసిన మనిషి ఒకరు ఈ ఊరికి లేకుండా పోయారు. ఇలా వెళ్లిపోయిన వాళ్లు ఆ అమ్మాయి ఒక్కతే కాదు.

"ఫెలోషిప్‌లు చాలానే ఉన్నాయి కదా, కష్టపడి తెచ్చుకోవచ్చు కదా" అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. ఏవేం ఉన్నాయో, అవి ఎక్కడ ఆగిపోతున్నాయో చెప్తాను.

పరిశోధనకి, అధ్యాపక ఉద్యోగాలకి అర్హత తేల్చే యూజీసీ నెట్ పరీక్షలో 'సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్' అని ఒక సబ్జెక్టు ఉంది, కోడ్ 81. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000, ఇంటద్దె భత్యం అదనం. ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. మన పిల్లల్లో చాలామందికి ఈ సబ్జెక్టు ఉందన్న సంగతే తెలియదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జేఆర్ఎఫ్ ప్రకటనల్లో చాలా ఏళ్లు దేశం మొత్తానికి 150 ఫెలోషిప్‌లు ఉండేవి. వాటిలో 120 బయోమెడికల్ శాస్త్రాలకి పోయేవి. మిగిలిన 30 సైకాలజీ, సోషియాలజీ, హోమ్ సైన్స్, స్టాటిస్టిక్స్, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్, పబ్లిక్ హెల్త్ అన్నిటికీ కలిపి. నూట నలభై కోట్ల దేశంలో ముప్ఫై!

పెద్ద స్థాయిలో ఇండియా అలయన్స్ ఉంది. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, లండన్ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో పెట్టిన సంస్థ. ఆఫీసు మన హైదరాబాద్‌లోనే. క్లినికల్, పబ్లిక్ హెల్త్ పరిశోధకులకి ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తుంది, మంచి నిధులు, స్వేచ్ఛ కూడా ఎక్కువ. కానీ అక్కడ నెగ్గాలంటే అప్పటికే ప్రచురించిన పేపర్లు, అండగా నిలిచే సంస్థ, గట్టి పరిశోధనా ప్రతిపాదన ఉండాలి. నిన్నగాక మొన్న ఎంపీహెచ్ చేసిన పాడేరు అబ్బాయికి అవి ఎక్కడి నుంచి వస్తాయి?

విదేశీ చదువులకి ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో పబ్లిక్ హెల్త్ ఒక విభాగం. కనీసం మూడేళ్ల పని అనుభవం అడుగుతారు. బ్రిటన్ చెవెనింగ్‌కి రెండేళ్లు కావాలి. ఎస్సీలకి, సంచార జాతుల్లాంటి మరికొన్ని వర్గాలకి కలిపి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశమంతటికీ ఏటా 125, ఎస్టీలకి 20. ఈ అవకాశాలన్నీ మంచివే, మా పిల్లల చేత అప్లై చేయిస్తూనే ఉంటాం. వీటిలో కొన్ని డిగ్రీ చదవడానికి ఇచ్చేవి, కొన్ని అనుభవం గడించిన వాళ్లకి ఇచ్చేవి. డిగ్రీ చేతికొచ్చిన రోజుకీ, అనుభవం ఉందని అనిపించుకునే రోజుకీ మధ్య రెండు మూడేళ్లుంటాయి. ఆ రెండు మూడేళ్లలోనే మనవాళ్లు ఈ రంగం వదిలేస్తున్నారు. మీ డబ్బు అక్కడికి రావాలి.

ఆ మధ్యకాలంలో దొరికేవల్లా ప్రాజెక్టు పోస్టులు. ఆరు నెలలు, పదకొండు నెలలు, ఆ తర్వాత పొడిగిస్తారో లేదో తెలియదు. పోనీ ఆ కొన్ని నెలలైనా జీతం సరిగ్గా వస్తుందా అంటే అదీ నమ్మకం లేదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, పేరు అనవసరం, ముందు విడత డబ్బు ఖర్చు చేసినట్టు చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపడం ఆలస్యమైంది. దాంతో రెండో విడత ఆగిపోయింది. దాంతో ఫీల్డ్ పిల్లల జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి. వాళ్లు మాత్రం పని ఆపలేదు. గర్భిణులను నెలనెలా చూసే అధ్యయనం అది, ఒక నెల తప్పితే మొత్తం దెబ్బతింటుంది. సొంత డబ్బులతో ఆటోలెక్కి తిరిగారు. ఒకరు చెవి రింగులు కుదవ పెట్టారని తర్వాత తెలిసింది. చదువుకున్న పిల్లల నిబద్ధత మీద ఆధారపడి ఇలా పనులు లాగించడం అన్యాయం. అందుకే ఫెలోషిప్ మొత్తం ఎంత అన్న మాట కంటే, ప్రతి నెలా అయిదో తారీఖుకి పడుతుందా అన్న మాటే మా పిల్లలు ముందు అడుగుతారు.

ఇక మీ వైపు నుంచి చూద్దాం. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 మీకు నాకన్నా బాగా తెలుసు. గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, అందులోనూ మీరు పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఏడో షెడ్యూల్‌లో నివారణ వైద్యం ఉంది, విద్య ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాలకి, ఐసీఎంఆర్ లాంటి సంస్థలకి పరిశోధన కోసం ఇచ్చేది కూడా ఉంది. ఒకేసారి పెద్ద మొత్తం కార్పస్‌గా (మూలనిధిగా) వేసి చేతులు దులుపుకుంటే 2021 జనవరి తర్వాత అది సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. కానీ 'ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు'గా పెడితే, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు నడపవచ్చు. ఆ ఏడాది మిగిలిపోయిన డబ్బుని ప్రత్యేక ఖాతాలో ఉంచి ఖర్చు పెట్టవచ్చు. మూడేళ్ల ఫెలోషిప్ ఈ నిబంధనకి సరిగ్గా సరిపోతుంది. సీఎస్ఆర్ బాధ్యత సగటున ఏటా 10 కోట్లు లేదా అంతకు మించి ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు అంతకు మించిన ప్రాజెక్టులకి బయటివాళ్లతో ఇంపాక్ట్ అసెస్‌మెంట్, అంటే వాటి ఫలితం ఎంతో మదింపు, చేయించాలి కదా. ఆ పని చేయగలిగేది కూడా ఇలా శిక్షణ పొందిన వాళ్లే.

ఇప్పటివరకు మీరు ఆరోగ్యం పద్దు కింద చేస్తున్నవి నేను ఊళ్లలో చూస్తూనే ఉన్నాను. కంటి శిబిరాలు, మెడికల్ క్యాంపులు, ఆర్వో ప్లాంట్లు, అంబులెన్సులు. కంటి ఆపరేషన్ అయిన తాతకి అది ఎంత మేలో నాకు తెలుసు. వాటిని ఆపమని నేనడగను. అయితే క్యాంపులో బీపీ చూసి, వారం రోజుల మాత్రలు చేతిలో పెట్టి పంపిన మనిషి తర్వాత ఏమయ్యాడో ఎవరూ చూడటం లేదు. ఆర్వో ప్లాంట్ పెట్టిన ఊళ్లో విరేచనాలు తగ్గాయా, అసలు ఆ ఊరి సమస్య నీళ్లేనా అని ఎవరూ అడగడం లేదు. అడగడానికి ఒక మనిషిని పెట్టండి అంటున్నాను.

డబ్బు ఎంతవుతుంది? జేఆర్ఎఫ్ రేటునే తీసుకుందాం. నెలకి 37,000 చొప్పున పది మందికి ఏడాదికి 44 లక్షల 40 వేలు. ఇంటద్దె, ఫీల్డ్ ప్రయాణాలు, పరికరాలు కలుపుకుంటే 60, 65 లక్షల దగ్గర తేలుతుంది. నాలుగైదు కంపెనీలు కలిసి వేసుకుంటే ఒక్కొక్కరి వాటా ఒక కల్యాణ మండపం రిపేరు ఖర్చు కూడా కాదు. స్టీల్ ప్లాంట్ నష్టాల్లో ఎంత నలిగిపోతోందో మాకు తెలుసు, వాళ్ల మీద ఈ భారం వేయమని అనను. లాభాల్లో ఉన్న రిఫైనరీ, పోర్టు చుట్టూ వ్యాపారం చేసేవాళ్లు, ఎరువుల కర్మాగారం, సింహాద్రి విద్యుత్ కేంద్రం, పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీలు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకుంటే చాలు. మీలో చాలామందికి నిర్ణయాలు ముంబైలోనో హైదరాబాద్‌లోనో జరుగుతాయి. అక్కడి బోర్డుకి ఈ ఉత్తరం చేరవేయాల్సిన బాధ్యత ఇక్కడి యూనిట్ హెడ్‌లది.

పని ఏముంటుంది అంటారా? మూడేళ్లు కాదు, ముప్ఫై ఏళ్లకి సరిపడా ఉంది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ రోజు ఆ గాలి పీల్చిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లవుతున్నారు. భోపాల్‌లో 1984 దుర్ఘటన తర్వాత ఐసీఎంఆర్ 1985 నుంచి 1994 దాకా వేల మందిని వెంట ఉండి చూసింది, తర్వాత అక్కడ 2010లో పర్యావరణ ఆరోగ్యానికి ఒక జాతీయ సంస్థే వచ్చింది. మన వెంకటాపురం చుట్టుపక్కల కుటుంబాలకి కూడా అలాంటి శ్రద్ధ దక్కాలి. ఏడాదికోసారి ఇంటికి వెళ్లి, ఊపిరి, కాలేయం, నరాలు పరీక్షించి, రాసిపెట్టి, ఆ కాగితం వాళ్ల చేతికీ ఇచ్చే మనుషులు కావాలి. నష్టపరిహారం చెక్కు ఆ పని చేయదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఫార్మా ప్రమాదంలో 17 మంది పోయారు. పేలుడు జరిగితే పేపర్లో వస్తుంది. రోజూ కొద్దికొద్దిగా ద్రావకాల వాసన పీల్చుతూ పనిచేసే కాంట్రాక్టు కార్మికుడి గురించి ఏ పేపర్లోనూ రాదు. అతను ఏ ఏడాది ఏ యూనిట్లో చేశాడో అతనికే గుర్తుండదు, లేబర్ కాంట్రాక్టరు మారుతూ ఉంటాడు. ఫార్మా సిటీ పక్కన తాడి గ్రామస్థులు తమను వేరే చోటికి తరలించమని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్ల భయంలో ఎంత నిజముందో చెప్పడానికి కొలతలు కావాలి. నిజం లేకపోతే మీకూ మంచిదే కదా.

ఘాట్ ఎక్కితే వేరే ప్రపంచం. పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి. మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) ఒకే మనిషిలో కలిసి ఉంటే ఏది దేనివల్లో తేల్చడం మామూలు క్యాంపుతో అయ్యే పని కాదు. కేంద్రం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పరీక్షలు జరుగుతున్నాయి. పరీక్ష ఫలితం రాసిన కార్డు చేతిలో పెట్టాక ఆ కుటుంబం ఏం అర్థం చేసుకుంది, పెళ్లి సంబంధాల్లో ఆ కార్డు ఆడపిల్లకి అడ్డమవుతోందా అన్నది తెలుసుకోవాలంటే ఆ భాష మాట్లాడే, ఆ కొండ మీద పుట్టిన పరిశోధకుడు కావాలి. పది ఫెలోషిప్‌లలో కనీసం మూడు ఏజెన్సీ (గిరిజన ప్రాంత) పిల్లలకి కేటాయించమని అడిగేది అందుకే.

మన దగ్గర ఉన్న అంకెలు కూడా ఎంత పలచనో చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత వివరాలు మన రాష్ట్రంలో 2019లో సేకరించారు. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అప్పటికి విశాఖ ఒకే జిల్లా. 2022 ఏప్రిల్‌లో అది మూడు జిల్లాలైంది. అంటే గాజువాక, అనకాపల్లి, ముంచంగిపుట్టు అన్నీ ఒకే సగటులో కలిసిపోయాయి. ఆ సగటుని చూసి ఏ ఊరికి ఏం చేయాలో ఎలా నిర్ణయిస్తాం?

ఇప్పుడు అందరికన్నా జాగ్రత్తగా మాట్లాడాల్సిన విషయం. కంపెనీ డబ్బుతో కంపెనీ పొగ మీద పరిశోధన చేస్తే ఎవరు నమ్ముతారు? ఈ ప్రశ్న మా పిల్లలే మొదట అడిగారు, అడగాలి కూడా. కాబట్టి నిబంధనలు ముందే రాసుకుందాం. డబ్బు మీ నుంచి ఆంధ్రా యూనివర్సిటీకో, ఆంధ్రా మెడికల్ కాలేజీకో వెళ్లాలి. ఏ కంపెనీ డబ్బు ఏ ఫెలోకి అన్నది ముడిపడకూడదు, అంతా ఒకే ఖాతాలో కలవాలి. ఎంపిక కమిటీలో మీ మనిషి ఉండకూడదు. బయటి రాష్ట్రాల నుంచి ఇద్దరు ఎపిడెమియాలజిస్టులు (జబ్బుల వ్యాప్తిని అధ్యయనం చేసే నిపుణులు), ఇక్కడి ప్రజల నుంచి ఒకరు తప్పక ఉండాలి. ప్రతి అధ్యయనానికీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఫలితం మీకు నచ్చినా నచ్చకపోయినా ప్రచురణ ఆపే హక్కు మీకు ఉండకూడదు, ముందుగా చూపించమని అడిగే హక్కు కూడా వద్దు. ఏ ఊళ్లో సర్వే చేశారో ఆ ఊరి సచివాలయం దగ్గర తెలుగులో చదివి వినిపించాకే రిపోర్టు పూర్తయినట్టు లెక్క. ఈ షరతులు ఒప్పుకోలేమనుకునే కంపెనీ దయచేసి డబ్బు ఇవ్వవద్దు. పది మందికి బదులు నలుగురితో మొదలుపెడతాం గానీ, షరతు వదులుకోం.

ఇవన్నీ కొత్తగా నేను కనిపెట్టిన కోరికలు కావు. డబ్బున్నవాళ్లు చదువుకి, శాస్త్రానికి ఖర్చు పెట్టడం ఈ తీరానికి అలవాటే. గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత డబ్బుతో డాబాగార్డెన్స్‌లో ఖగోళ వేధశాల కట్టించుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని కొనసాగించారు. మన ఎ.వి.ఎన్. కాలేజీ ఆ నరసింగరావు గారి పేరు మీదే ఉంది. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ నిలదొక్కుకోవడానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష!

వీటన్నిటికన్నా నాకు ఎక్కువగా గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన ఆయన 1920లలో హార్వర్డ్‌కి ఉష్ణమండల వైద్యం చదవడానికి వెళ్లారు. డబ్బు ఎక్కడిది? కొంత మామగారు సర్దారు, కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ గారి ధర్మసంస్థ ఇచ్చింది. రంగూన్ వ్యాపారంలో సంపాదించిన సొమ్ముతో పెట్టిన ధర్మం అది. అక్కడికెళ్లాకా ఆయన కష్టాలు తీరలేదు, ఆస్పత్రిలో చిన్నా చితకా పనులు చేసి నెట్టుకొచ్చారు. అయినా నిలబడ్డారు. తర్వాత అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో వచ్చిన మందుల్లో డీఈసీ ఒకటి. బోదకాలు రాకుండా మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి ఎదురుగా నిలబడి మింగించిన మాత్ర అదే. మా పిల్లల చేత సర్వే చేయించేటప్పుడు ఈ సంగతి చెప్తుంటాను. కాకినాడ ధర్మసంస్థ లెక్కల పుస్తకంలో ఆ రోజు పడిన పద్దుకి, దశాబ్దాల తర్వాత శ్రీకాకుళం జిల్లా పల్లెలో కాలు వాయకుండా మిగిలిన మనిషికి సంబంధం ఉంది. ఆ పద్దు రాసినప్పుడు సత్యలింగ నాయకర్ చారిటీస్ వాళ్లకి ఏ ఫలితం వస్తుందో ముందే తెలిసే వీలు లేదు.

మీరు మాత్రం ఏటా నివేదిక అడగవచ్చు, ఇస్తాం. ఎన్ని ఇళ్లు తిరిగారు, ఎన్ని పరీక్షలు చేశారు, డబ్బు దేనికి ఖర్చయింది, అన్నీ. ఒక్కటే మనవి: మూడు నెలల్లో జబ్బులు తగ్గాయా అని అడగకండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తీసుకుపోతోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి వచ్చాయి, మంచిదే. కానీ కారణం ఇదీ అని గట్టిగా చెప్పగలిగే స్థితి ఇంకా రాలేదు. ఇలాంటి ప్రశ్నలకి మధ్యలో వదిలేయని మనుషులు కావాలి.

ఆంధ్రా యూనివర్సిటీ, ఆంధ్రా మెడికల్ కాలేజీ పెద్దలకి కూడా ఇందులో ఒక మాట. 1923 నుంచి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి), మెడికల్ కాలేజీ ఉన్న ఊరు ఇది. మెడికల్ కాలేజీలో మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్ ఉంది. యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ, స్టాటిస్టిక్స్, సోషల్ వర్క్, పర్యావరణ శాస్త్రాల విభాగాలున్నాయి. బీచ్ రోడ్డుకి అటూ ఇటూ పది నిమిషాల దూరంలో ఉన్న ఈ మనుషులు ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటే గైడ్‌ల కొరత ఉండదు. కంపెనీలు డబ్బిస్తే దాన్ని ఆలస్యం లేకుండా నెలనెలా ఫెలోల ఖాతాలో వేసే పద్ధతి మీరు ముందుగానే పెట్టుకోవాలి. ఒక ఫైలు మీద సంతకం కోసం ఫెలో కాళ్లరిగేలా తిరిగే పరిస్థితి వస్తే మొత్తం నీరుగారిపోతుంది. ఎంపీహెచ్ చేసిన నాన్ మెడికల్ వాళ్లని డేటా మోసే కూలీల్లా చూడకుండా, పేపర్ మీద వాళ్ల పేరు ముందు రాయండి. ఆడపిల్లలకి హాస్టల్ గది, ఫీల్డ్ నుంచి చీకటి పడ్డాక వస్తే బండి, ఇవి చిన్న విషయాలు కావు. వీటివల్లే చాలామంది ఇళ్లలో పంపడం లేదు.

రాష్ట్ర ప్రభుత్వం నుంచి కోరేది కూడా ఉంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం పబ్లిక్ హెల్త్ కేడర్, అంటే ప్రజారోగ్యానికే ప్రత్యేక ఉద్యోగ శ్రేణి, పెట్టమంది. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఫెలోషిప్ పూర్తి చేసిన వాళ్లకి జిల్లా స్థాయిలో ఉద్యోగం దొరికితేనే ఈ శిక్షణ ఇక్కడ నిలబడుతుంది. లేకపోతే మూడేళ్లు మనం తయారుచేసి ఢిల్లీకి, జెనీవాకి పంపినట్టే. వెళ్లనివ్వండి, వెళ్లడం తప్పు కాదు. కానీ ఉండాలనుకున్న వాళ్లకి ఉండే దారి కావాలి.

సీఎస్ఆర్ వార్షిక ప్రణాళికలు ఆర్థిక సంవత్సరం మొదట్లో బోర్డు ముందుకు వెళ్తాయి. ఆ ముసాయిదా తయారయ్యేది జనవరి, ఫిబ్రవరిల్లో. ఈసారి ఆ ముసాయిదాలో ఆరోగ్యం పద్దు కింద 'విశాఖ పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్' అని ఒక వరుస చేర్చండి. మొత్తం ఎంత వేస్తారో మీ ఇష్టం. పైన రాసిన షరతులతో రెండు పేజీల ముసాయిదా ఒప్పందం మేం తయారుచేసి మీ ఆఫీసులకి పంపుతాం, మీ లీగల్ వాళ్ల చేత చదివించండి, మార్చాల్సినవి ఎర్ర పెన్నుతో మార్చి తిప్పి పంపండి. మీ సమావేశానికి పిలిస్తే, ఫీల్డ్‌లో పనిచేస్తున్న పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వస్తాను. వాళ్లు ఏం చూశారో వాళ్ల నోటితోనే వినండి. వీలు కాదనుకుంటే, ఎందుకు కాదో ఒక కాగితం మీద రాసి పంపండి. దాన్ని పట్టుకుని పక్క కంపెనీ దగ్గరికి వెళ్తాం.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ఆరోగ్య సర్వే కార్యకర్త